ఇస్తాంబుల్ హమామ్‌కి (టర్కీ స్నానశాలకి) అమ్మను తీసుకెళ్లొచ్చా?

వచ్చే నెల అమ్మతో ఇస్తాంబుల్ వెళ్తున్నాను. 1584లో ఒట్టోమన్ వాస్తుశిల్పి మిమార్ సినాన్ కట్టిన చెంబర్లితాష్ హమామ్‌లో స్నానం చేయాలని నాకు ఎప్పటినుంచో ఆశ. ఆడవాళ్లకు విడిగా ఉంటుంది, ఒళ్లు రుద్దేదీ ఆడవాళ్లే కాబట్టి ఆ బెంగ లేదు. నా టెన్షన్ అంతా వేడి గురించే. అమ్మకు బీపీ ఉంది. చెమట పట్టేదాకా ఆ వేడి పాలరాతి అరుగు మీద పడుకోవాలంటే తట్టుకోగలదా? (డాక్టరుగారిని ఎలాగూ అడుగుతాను.) మధ్యలో చల్లటి గదిలోకి వచ్చి కూర్చోనిస్తారా? కెసె (ఒళ్లు రుద్దే గరుకు గ్లవ్) తొడుక్కుని రుద్దేటప్పుడు మెల్లగా రుద్దమంటే వింటారా? పెష్తెమాల్ (ఒంటికి చుట్టుకునే తువ్వాలు) కింద లోదుస్తులు ఉంచుకోవచ్చా? అమ్మకు మొహమాటం ఎక్కువ. తడి నేల మీద జారకుండా చెప్పులిస్తారా? పెద్దవాళ్లను తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. చదివాకే బుక్ చేస్తాను.