యూదిత్ వర్గా: ఒక్క సంతకంతో పోయిన రాజకీయ జీవితమా?

సందేహాలరావు:
హంగరీ వార్తల్లో యూదిత్ వర్గా పేరు ఎప్పుడు కనిపించినా "పేతర్ మగ్యార్ మాజీ భార్య" అన్న తోక తగిలించే రాస్తున్నారు. మగ్యార్ అంటే 2024లో ఓర్బన్ ప్రభుత్వానికి ఎదురు నిలిచిన రాజకీయ నాయకుడు. నాలుగేళ్లు న్యాయశాఖ మంత్రిగా చేసిన లాయరుకు ఇదేనా మిగిలింది? అక్కడ ఉన్నవారు, ఉండి వచ్చినవారు చెప్పండి. 2024కు ముందు జనం ఆమెను ఎలా చూసేవారు?

చైన్‌బ్రిడ్జ్:
అప్పుడు నేను బుడాపెస్ట్‌లోనే ఉద్యోగం చేస్తున్నాను. మిష్కోల్త్స్‌లో పుట్టి, అక్కడే లా చదివి, బ్రసెల్స్‌లో యూరోపియన్ పార్లమెంటు సభ్యుల దగ్గర సలహాదారుగా పనిచేసి వచ్చిన మనిషి. 2019 జులైలో మంత్రి అయ్యారు. యూరోపియన్ యూనియన్‌తో అప్పటి ప్రధాని విక్టర్ ఓర్బన్ ప్రభుత్వానికి తగవు వచ్చినప్పుడల్లా వాదించడానికి ముందుకు వచ్చింది ఆమే. ఓర్బన్ పేరెత్తితే మండిపడే మా ఆఫీసు వాళ్లు కూడా "ఫైలు చదవకుండా రాదు" అని ఒప్పుకునేవారు. 2022లో ఏర్పడిన మంత్రివర్గంలో మహిళ ఆమె ఒక్కరే. 2023లో యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓర్బన్ పార్టీ జాబితాకు నాయకత్వం వహించడానికని పదవి వదిలారు.

2024 ఫిబ్రవరి 2న 444 అనే వార్తా సైటు అసలు సంగతి బయటపెట్టింది. బిచ్కే పిల్లల ఆశ్రమంలో డైరెక్టరు పిల్లలపై లైంగిక అకృత్యాలు చేస్తే, దాన్ని కప్పిపుచ్చడానికి సాయపడి శిక్ష పడిన డిప్యూటీకి అధ్యక్షురాలు కతలిన్ నోవాక్ 2023 ఏప్రిల్‌లో, పోప్ పర్యటన వేళ, క్షమాభిక్ష పెట్టారు. దాని మీద వర్గా ప్రతిసంతకం, అంటే మంత్రిగా పెట్టే రెండో సంతకం, ఉంది. 10వ తేదీ శనివారం నోవాక్ టీవీలో రాజీనామా ప్రకటించారు. కాసేపటికే వర్గా కూడా ప్రజాజీవితం నుంచి తప్పుకుంటున్నానని ఫేస్‌బుక్‌లో రాశారు.

మరుసటి శుక్రవారం బుడాపెస్ట్‌లోని హీరోస్ స్క్వేర్ నిరసనకు వచ్చిన జనంతో నిండిపోయింది. రాజకీయాలు మొదలవగానే కాఫీ కప్పు తీసుకుని లేచి వెళ్లిపోయే మా సహోద్యోగిని ఒకావిడ ఆ రోజు కొడుకును వెంటబెట్టుకుని వెళ్లింది. "ఇద్దరు ఆడవాళ్లను ఇంటికి పంపి మగవాళ్లంతా చేతులు దులుపుకున్నారు" అన్నది ఆమె మాట. నిజానికి క్షమాభిక్షకు సలహా ఇచ్చిన బిషప్ జోల్తాన్ బలోగ్ కూడా ఆ రోజే చర్చి అధ్యక్ష పదవి వదిలాడు.

నల్లకోటు:
ప్రతిసంతకం పోస్టాఫీసు ముద్ర కాదు, చైన్‌బ్రిడ్జ్ గారూ. అక్కడి రాజ్యాంగం ప్రకారం మంత్రి సంతకం లేకుండా అధ్యక్షుడి క్షమాభిక్ష చెల్లదు. కారణాలు బయటపెట్టే పద్ధతీ అప్పట్లో లేదు. అంటే ఆ కాగితాన్ని ఆపగలిగిన చివరి మనిషి ఆమే. మన దగ్గర 2006లో ఏపూరు సుధాకర్ కేసులో ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఇచ్చిన శిక్ష తగ్గింపునే సుప్రీంకోర్టు కొట్టేసింది. కక్షిదారులు తెచ్చిన ప్రతి కాగితం మీదా సంతకం పెట్టే లాయరును మేము మంచి లాయరు అనం. ఆమె మీద నాకు జాలి లేదు.

పేచ్ పాత విద్యార్థి:
ఈ మాటకొస్తే ఇబోయా దావిద్‌ను తలచుకోవాలి. హంగరీలోని మా పేచ్ నగరంలోనే లా చదివారు. 1990 నుంచి పార్లమెంటు సభ్యురాలు, 1998 నుంచి 2002 వరకు ఓర్బన్ తొలి ప్రభుత్వంలో న్యాయశాఖ మంత్రి. 1999లో ఎండీఎఫ్ (హంగేరియన్ డెమోక్రటిక్ ఫోరం) పార్టీ పగ్గాలు కూడా పట్టారు. 2006 ఎన్నికల్లో ఆ పార్టీకి వచ్చింది 5.04 శాతం, పార్లమెంటులోకి వెళ్లడానికి దాటాల్సిన గీత 5 శాతం దగ్గర! రెండో విడతకు ముందు ఆమె మద్దతు కోసం ఓర్బన్ ప్రధాని అభ్యర్థిత్వాన్నే వదులుకుంటానన్నారు. ఆమె కదలలేదు. సోషలిస్టులే మళ్లీ గెలిచారు. నేను అద్దెకున్న ఇంటి పెద్దావిడకు ఆ కోపం ఇంకా చల్లారలేదు. టీవీలో దావిద్ పాత ఫోటో వస్తే చాలు, చానల్ మార్చేసేది.

సందేహాలరావు:
అయితే ఆ తర్వాత ఆవిడ గతి?

పేచ్ పాత విద్యార్థి:
2010లో పార్టీ గీత దాటలేదు. అదే రాత్రి రాజీనామా. కాకపోతే ఆవిడను దించింది ఓటర్లు. వర్గాను నిలబెట్టింది నాయకుడు, అవసరం తీరాక అడ్డు తొలగించిందీ ఆ పార్టీయే. నాకు కనిపించే తేడా అది.

చైన్‌బ్రిడ్జ్:
అక్కడితో వదిలినా బాగుండేది. మార్చి 26న మగ్యార్, భార్యాభర్తలుగా ఉన్నప్పుడు ఇంట్లో రికార్డు చేసిన ఆమె మాటలను బయటపెట్టాడు. ఆమె శాఖలో ఉపమంత్రిగా ఉన్న పాల్ వోల్నర్ లంచాల కేసు పత్రాల్లో ప్రభుత్వ పెద్దల మనుషులు మార్పులు చేయించారని ఆమె అందులో చెబుతుంది. మగ్యార్ తనను భయపెట్టి అనిపించాడని ఆమె అంటే, అతను కాదన్నాడు. అతని అవినీతి వ్యతిరేక పోరాటాన్ని మెచ్చుకునే మా ఆఫీసు ఆడవాళ్లు కూడా ఆ రికార్డింగ్ దగ్గర ముఖం చిట్లించేవారు.

నల్లకోటు:
ఆ రికార్డింగ్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ అందులోని మాటలు నిజమైతే, న్యాయశాఖ మంత్రి అయి ఉండి అన్నీ తెలిసీ కుర్చీలో ఎందుకు కూర్చున్నట్టు?

చైన్‌బ్రిడ్జ్:
దానికి నా దగ్గర జవాబు లేదు. ఏ ఎన్నికల కోసం ఆమె మంత్రి పదవి వదిలారో, 2024 జూన్‌లో జరిగిన ఆ ఎన్నికల్లోనే మగ్యార్ పార్టీ తిసాకు 30 శాతానికి దగ్గరగా ఓట్లు, 7 సీట్లు వచ్చాయి. అందులో ఒక సీటు అతనిదే.