ట్రమడాల్‌ను కట్టడి చేశారు, టాపెంటడాల్ సంగతేమిటి?

ప్రశ్న:
నొప్పి తగ్గించే మందు ట్రమడాల్‌ను కేంద్రం 2018 ఏప్రిల్‌లో మాదకద్రవ్యాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చింది. దాదాపు అదే తరహాలో పనిచేసే, అలవాటుగా మారే ప్రమాదమున్న టాపెంటడాల్‌ను అప్పుడు చేర్చలేదు. ఇలా ఒక్కొక్క మందునే జాబితాకెక్కిస్తూ పోతే వ్యసనం ఆగుతుందా? తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం:
ఆగదనే నా అభిప్రాయం. మన దేశంలో తయారైన ట్రమడాల్, వైద్యులు రాసే మోతాదును మించిన 225 మిల్లీగ్రాముల బిళ్ళల రూపంలో కూడా, ఏళ్ళ తరబడి పశ్చిమ ఆఫ్రికాకు చేరింది. దానిపై కట్టడి వచ్చాక టాపెంటడాల్‌ను, కండరాల బిగువు తగ్గించే కారిసోప్రొడాల్‌తో కలిపిన బిళ్ళలు ఘానా, నైజీరియా వీధుల్లో కనిపించాయి. ఆ మిశ్రమానికి మన దేశంలో ఆమోదమే లేదు. అయినా 2025 ఫిబ్రవరిలో బీబీసీ బయటపెట్టేదాకా ఎగుమతి సాగింది. ఆ తర్వాతే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ తయారీ, ఎగుమతి అనుమతులను ఉపసంహరించింది. ఆ బిళ్ళలు మింగినవారు మన పిల్లలు కాకపోవచ్చు గానీ, బాధ్యత మాత్రం మనదే. చైనా 2019 మే 1 నుంచి, అతి శక్తిమంతమైన నొప్పిమందు ఫెంటనిల్ తరహా పదార్థాలన్నిటినీ ఒకే వర్గంగా నియంత్రించింది. అప్పుడు వ్యాపారం వాటి ముడిరసాయనాలను మెక్సికోకు పంపడం వైపు మళ్ళింది. అంటే వర్గం మొత్తాన్ని కట్టడి చేసినా, ముడిసరుకును వదిలేస్తే చాలదు.

రెండవ సమాధానం (మందుల షాపు నడుపుతున్నాను):
ట్రమడాల్ 2014 నుంచే షెడ్యూల్ హెచ్1లో, అంటే ప్రిస్క్రిప్షన్‌పైనే అమ్మి లెక్క రాయాల్సిన మందుల జాబితాలో ఉంది. ప్రిస్క్రిప్షన్ రాసిన వైద్యుడి పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. నిజాయితీగా రాసే షాపులో ఇది బాగానే పనిచేస్తుంది. బిల్లు లేకుండా ఫ్యాక్టరీ నుంచి నేరుగా వెళ్ళిపోయే పెట్టెలు మాత్రం ఏ రిజిస్టరుకూ ఎక్కవు కదండీ.

మూడవ సమాధానం (ముదిరిన జబ్బుల్లో బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగంలో నర్సును):
పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక మాట చెప్పాలి. 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చాక, లైసెన్సుల చిక్కులకూ కేసులకూ భయపడి ఆస్పత్రులు తీవ్రమైన నొప్పికి వాడే మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. పన్నెండేళ్ళలో దేశంలో దాని వైద్య వినియోగం 90 శాతానికి పైగా పడిపోయింది. 2014 సవరణతో మార్ఫిన్, ఫెంటనిల్ వంటివి అత్యావశ్యక మాదకౌషధాలుగా గుర్తింపు పొంది, గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు దారి సులువయింది. అయినా క్యాన్సర్ ముదిరి రాత్రంతా నిద్రలేని మనిషికి మార్ఫిన్ దొరకని ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. టాపెంటడాల్‌ను తప్పక కట్టడి చేయండి, కానీ తనిఖీ తయారీదారుడి గోదాములోనూ రేవులోనూ మొదలుకావాలి, రోగి మంచం దగ్గర కాదు.