వన్నె, గీటు, గీటురాయి: నక్షత్రాలకు పనికివచ్చే మాటలేనా?

నక్షత్రంలో లోహాలు ఏపాటి ఉన్నాయో చెప్పే మెటాలిసిటీ అనే మాటకు తెలుగులో ‘లోహత్వం’ అని రాయవచ్చునా అని నిన్న ఒకరు ఇక్కడ అడిగారు. నాకు ఆ మాట నచ్చలేదు. ‘త్వం’ చేరితే అది స్వభావాన్ని చెబుతుంది. నక్షత్రం లోహం కాదు గదా. పైగా హైడ్రోజన్, హీలియం తప్ప మిగిలిన మూలకాలన్నిటినీ, చివరికి ఆక్సిజన్‌నూ కర్బనాన్నీ కూడా, ఖగోళ శాస్త్రజ్ఞులు లోహాలనే పిలుస్తారు. ఆ వాడుకే వింత, దాని మీద ఈ ‘త్వం’ కూడా ఎక్కితే చదివేవాడికి ఏమీ అందదు.

మనకు కావలసిన మాట కంసాలి అంగట్లో ఉన్నదేమోనని నా అనుమానం. పోయిన నెల తిరుపతిలో, గాంధీ రోడ్డు పక్క సందులో, ఒక పాత ఉంగరం మార్చుకుందామని వెళ్లాను. ఆచారి దాన్ని నల్లటి గీటురాయి మీద ఒకసారి రుద్ది, పక్కనే వన్నె తెలిసిన బంగారు పుల్లతో ఇంకొక గీటు గీసి, రెండింటి మీదా ఆమ్లం అద్ది, ఏ గీటు ఎంత మిగిలిందో వాకిట వెలుతురులో చూసి మేలిమి చెప్పాడు. రంగును చూసి కూర్పును చెప్పడమే ఆ విద్య. సంస్కృతంలోని ‘వర్ణం’ ప్రాకృతంలో ‘వణ్ణ’ అయి, మనకు ‘వన్నె’గా దక్కింది, రంగు అనే అర్థంతో పాటు బంగారపు మేలిమి అనే అర్థమూ అందులో ఉన్నది. పదహారు వన్నెల బంగారం అంటే కల్తీ లేనిది. ఆ లెక్కన 22 క్యారట్ల నగ పదిహేను వన్నెలకు కొంచెం తక్కువ.

వర్ణపటంలోనూ పని అంతే. నక్షత్రపు వెలుగును రంగులుగా విడదీసినప్పుడు అక్కడక్కడ నల్లటి సన్నని గీటులు కనిపిస్తాయి. ఒక్కొక్క మూలకం తన గీటులను తన చోటనే వేస్తుంది. ఇనుము గీటులు ఎంత లోతుగా ఉన్నాయో చూసి, సూర్యుడిలోని ఇనుముతో పోల్చి ఫలితం చెబుతారు, అంటే ఇక్కడ సూర్యుడే కంసాలి చేతిలోని పుల్ల. అయితే ఒక చిక్కు ఉన్నది. అదే కూర్పు గల రెండు నక్షత్రాలలో చల్లనిదానిలో ఇనుము గీటులు సాధారణంగా ముదురుగా పడతాయి గనుక, ముందు ఉష్ణోగ్రతనూ ఉపరితల గురుత్వాన్నీ తేల్చుకోనిదే కూర్పు చెప్పడానికి వీలులేదు.

గీటు ఉండవలసిన చోటునుంచి జరిగితే అది వేగాన్ని చెబుతుంది. 5000 ఆంగ్‌స్ట్రామ్‌ల (కాంతి తరంగదైర్ఘ్యాన్ని కొలిచే చాలా చిన్న ప్రమాణం) దగ్గరి గీటు అర ఆంగ్‌స్ట్రామ్ ఎరుపు వైపు జరిగిందంటే ఆ నక్షత్రం సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో మననుంచి దూరమవుతున్నట్టు. ఆస్ట్రేలియాలోని సైడింగ్ స్ప్రింగ్‌లో 3.9 మీటర్ల టెలిస్కోపుతో ఇలా గీటులు చదివిన ‘గలా’ సర్వే ఒకేసారి దాదాపు 400 నక్షత్రాల వెలుగును గాజు తంతువులతో పట్టుకునేది. పది లక్షల నక్షత్రాలను చదవాలన్నది దాని సంకల్పం. అమెరికాలో మొదలైన ‘అపోజీ’ సర్వే పరారుణ కాంతిలో చూసింది గనుక పాలపుంతలోని దుమ్ము దానికి అంతగా అడ్డు కాలేదు. అందులో చాలా ఏళ్లపాటు అల్యూమినియం పలకకు రంధ్రాలు వేసి, 300 తంతువులను మనుషులే చేత్తో ఒక్కొక్కటిగా దూర్చేవారు. అంత పెద్ద సర్వేలో ఆ పని మాత్రం మన కంసాలి పనిలాగే ఉండేదని తలచుకుంటే నాకు సరదాగా ఉంటుంది.

వ్యాఖ్య (చిత్తూరు నుంచి): అయ్యా, మీ పోలిక బాగున్నది గాని తలకిందులుగా ఉన్నది. వన్నె ఎక్కువంటే కలుపు తక్కువని అర్థం. నక్షత్రంలో మీరు లోహమంటున్నది కలుపే గదా? సూర్యుడి ద్రవ్యరాశిలో అది సుమారు ఒకటిన్నర శాతమే. అప్పుడు లోహాలు దాదాపు లేని తొలినాటి నక్షత్రాన్నే పదహారు వన్నెలది అనవలసి వస్తుంది.

సమాధానం: మీరన్నది నిజమండీ, నేను అంతదూరం ఆలోచించలేదు. ‘వన్నె’ను విరమించుకుంటున్నాను. పరిమాణానికి ‘లోహాంశం’ చాలు. ‘అంశ’ అంటే పాలు గనుక కొలత అన్న ధ్వని అందులోనే ఉన్నది. కానీ ‘గీటు’ను మాత్రం వదలను. ఈ నల్లటి గీటుకు వాడే ‘శోషణ రేఖ’ అన్న మాట పాఠ్యపుస్తకంలో ఉండవలసిందే, అయినా ‘గీటు’ అంటే పోల్చి చూడటం కూడా గుర్తుకు వస్తుంది. ఈ పోల్చడం వల్లనే 2018లో, గయా ఉపగ్రహం కొలిచిన చలనాలనూ అపోజీ కొలిచిన కూర్పులనూ పక్కపక్కన పెట్టి, సుమారు వెయ్యి కోట్ల ఏళ్ల కిందట మన పాలపుంత మింగిన ఒక చిన్న గెలాక్సీ నక్షత్రాలను గుర్తుపట్టారు. చలనం ఒక్కటే చూసినా, కూర్పు ఒక్కటే చూసినా అంత నమ్మకంగా చెప్పగలిగేవారు కారు. కనుక నా వాక్యం ఇప్పుడు ఇలా ఉంటుంది: “ఈ నక్షత్రంలో ఇనుము గీటులు సన్నగా ఉన్నాయి, దాని లోహాంశం సూర్యుడిలో పదోవంతు.” దిద్దవలసింది ఉంటే దిద్దండి.