క్యాసెట్ షాపులు పోయాయి సరే, వాటిలో ఉన్న మన ఊరి రికార్డింగులు ఎక్కడున్నాయి?

పెన్నాగట్టు (నెల్లూరు)

ట్రంకురోడ్డులో నాకు తెలిసిన ఆఖరి సీడీల షాపు కూడా మూతపడింది. అందులో ఇప్పుడు సెల్ కవర్లు అమ్ముతున్నారు. సినిమా పాటల గురించి నాకు బెంగ లేదు. వాటి మాస్టర్లు, అంటే అసలు రికార్డింగులు, కంపెనీల దగ్గర ఉన్నాయి, యూట్యూబ్‌లోనూ దొరుకుతాయి. నా బాధంతా ఆ షాపుల్లో తప్ప ఇంకెక్కడా దొరకని సరుకు గురించి. నాటక సమాజాల పద్యాలు, హరికథలు, బుర్రకథలు, చెక్కభజనలు, తిరునాళ్ల పాటలు. వీటిలో చాలావాటి జోలికి పెద్ద కంపెనీలు రాలేదు. ఊళ్లో రికార్డింగ్ సెంటర్ వాళ్లే మైకు పెట్టి తీసి, కాపీలు చేసి, అట్ట మీద చేత్తో పేరు రాసి అమ్మారు.

మీ ఊళ్లో షాపులు ఎలా పోయాయి, ఆ సరుకు ఏమైంది, మీ ఇంట్లో ఏమన్నా మిగిలాయా? తెలిసినవాళ్లు రాయండి. జిల్లాల హద్దులు మారినా కందుకూరు, గూడూరు వాళ్లు కూడా రావాలి.

శనివారం_కొండ (కందుకూరు)

మాలకొండ నరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు కదా, ఆరోజే అక్కడ అంగళ్లు కూడా. కొబ్బరికాయల అంగడి పక్కన నులక మంచం మీద క్యాసెట్లు పరిచి, పాత బ్యాటరీకి టేప్ రికార్డర్ తగిలించి పాటలు పెట్టేవాళ్లు. చుట్టుపక్కల భజన బృందాలు పాడినవే ఎక్కువ. ఆ పాటల్లో మా ఊరి పేరు, మా చెరువు పేరు వచ్చేవి. తర్వాత అదే మంచం మీద సీడీలు వచ్చాయి, ఆ తర్వాత మంచమే లేదు. ఇప్పుడు మైకులో పెన్‌డ్రైవ్ పెట్టి పాటలు వేస్తున్నారు. వినడానికే గానీ కొనుక్కుని ఇంటికి తెచ్చుకోవడానికి ఏమీ దొరకదు.

సైడ్‌బి (కావలి)

మాది క్యాసెట్ షాపే. నాన్న పెట్టాడు, తర్వాత నేను చూసుకున్నా. ఎలా పోయాయని అడిగారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. అందరూ జియో వచ్చి ముంచేసిందంటారు. జియో వచ్చింది 2016 సెప్టెంబరులో. అప్పటికే మా వ్యాపారం చాలావరకు అయిపోయింది.

మొదట్లో మా బతుకంతా రికార్డింగే. కస్టమర్ తెల్లకాగితం మీద పాటల లిస్టు రాసుకొచ్చేవాడు. అరవై నిమిషాల క్యాసెట్ అయితే సైడుకి అరగంట, తొంభై అయితే ముప్పావుగంట. ఏ పాట తర్వాత ఏది పెడితే రీలు చివర పాట తెగకుండా ఉంటుందో నాన్న మనసులోనే లెక్క వేసేవాడు. ఒక్క నిమిషం మిగిలితే అక్కడ చిన్న మ్యూజిక్ బిట్టు పెట్టేవాడు. నూటఇరవై నిమిషాల క్యాసెట్ ఎవరడిగినా వద్దనేవాడు. అందులో రీలు పల్చన, ఊరికే చుట్టుకుపోతుంది, తెగుతుంది. ఖాళీ క్యాసెట్ల కోసం మద్రాసు పోయేవాడు. పొద్దున పినాకిని రైలెక్కి పోయి, బర్మా బజార్, రిచీ స్ట్రీట్ తిరిగి, రాత్రికి దొరికిన బండిలో అట్టపెట్టెలతో దిగేవాడు.

గుల్షన్ కుమార్ టీ సిరీస్ క్యాసెట్లను బాగా తక్కువ ధరకు దించాక, రికార్డింగ్ చేయించుకునే ఖర్చులోనే కొత్త క్యాసెట్ వచ్చేసింది. అది మాకు దెబ్బ అనుకున్నాం గానీ అమ్మకాలు పెరిగాయి. అసలు దెబ్బ ఎంపీత్రీ సీడీ. పది, పన్నెండు సినిమాల పాటలు ఒక్క సీడీలో వస్తుంటే ఒక సినిమా క్యాసెట్ ఎవరు కొంటారు? ఆ సీడీలు ఎక్కువ శాతం దొంగ కాపీలే. తర్వాత మోజర్‌బేర్ అనే కంపెనీ వాళ్లు సినిమా వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు దించారు. అసలు సరుకే అంత చవగ్గా వస్తే జనం మళ్లీ షాపులకు వస్తారని ఆశపడ్డాం. కొన్నాళ్లు వచ్చారు కూడా. కానీ 34 రూపాయల డిస్కు మీద షాపువాడికి మిగిలేది ఎంత? బజారులో అద్దె అంతకన్నా వేగంగా పెరిగింది.

ఈలోగా సెల్ షాపుల్లో మెమరీ కార్డులోకి పాటలు ఎక్కించడం మొదలైంది. కార్డు ఇచ్చి టీ తాగి వచ్చేసరికి వందల పాటలు. మేమూ ఎక్కించాం, రీచార్జ్ కార్డులు పెట్టాం, చివరికి పాటలు తీసేసి రీచార్జే మిగిల్చాం. జనానికి నెట్ చవగ్గా వచ్చాక ఆ ఎక్కించే పనీ పోయింది.

సరుకు సంగతి అడిగారు. సినిమా క్యాసెట్లు పాత సామాన్లవాడికి కేజీల లెక్కన వేశాం. ప్లాస్టిక్ డబ్బాలకు రేటు వచ్చింది, రీలుకు రాలేదు. మన వాళ్ల రికార్డింగుల మాస్టర్లు మాత్రం అమ్మలేదు. గోనెసంచుల్లో కట్టి అటకమీద ఉన్నాయి.

ఒంగోలు_కర్నూలురోడ్డు

అన్నా, ఆ గోతాలు ముందు అటక దించండి. ఎండాకాలం రేకుల కింద వేడికి క్యాసెట్ డబ్బా వంగిపోతుంది.

పొదిలి_పద్యం

సైడ్‌బి అన్నా, మీ మాట చదివి ప్రాణం లేచొచ్చింది. మా నాన్న పౌరాణిక నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవారు. పొదిలి, కనిగిరి, దర్శి చుట్టుపక్కల నాటకం అంటే ఆయన్ను పిలిచేవాళ్లు. రాగం తీసి పద్యం ఎత్తుకుంటే జనం వన్స్‌మోర్ అని కేకలేసేవాళ్లు, మళ్లీ మొదటినుంచీ పాడేవారు. ఆ నాటకాలు కొన్ని కావలి నుంచి వచ్చిన వాళ్లు రికార్డు చేశారని అమ్మ చెబుతుంది. ఇంట్లో ఒక క్యాసెట్ ఉండేది. చుట్టాలెవరో అడిగి తీసుకెళ్లారు, మళ్లీ రాలేదు. నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆయన ఫొటోలు ఉన్నాయి, కిరీటం ఉంది, గొంతు మాత్రం లేదు. మా పిల్లలకు తాతయ్య ఎలా పాడేవారో వినిపించాలని నా కోరిక. మీ సంచుల్లో పొదిలి అని రాసినవి ఏమన్నా ఉంటాయా?

సైడ్‌బి (కావలి)

అమ్మా, ఉండొచ్చు. నాన్న అట్ట మీద ఊరి పేరు, ఏ నాటకం, హార్మోనియం ఎవరు అని మూడూ తప్పకుండా రాసేవాడు. వేషధారుల పేర్లు అన్నిటి మీదా ఉండవు. ఈ ఆదివారం సంచులు దించి చూస్తాను. పనిచేసే డెక్ మాత్రం నా దగ్గర లేదు. ఉన్నదాని బెల్టు జిగురై కారిపోయింది.

థేమ్స్_నుంచి_నెల్లూరు

నేనుండేది లండన్‌లో, పుట్టిపెరిగింది నెల్లూరు మూలాపేటలో. ఇక్కడ మెయిన్ బజార్లలోనూ ఇదే జరిగింది కాబట్టి రాస్తున్నా. మనం కుక్కబొమ్మ రికార్డులు అనేవాళ్లం కదా, ఆ హెచ్‌ఎంవీ వాళ్ల పెద్ద షాపు ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో 1921లో తెరిచారు. ఆ షాపుల సంస్థ 2013లో ఒకసారి, 2018 చివర్లో ఇంకోసారి దివాలా అంచుకు పోయింది. 2019లో ఒక కెనడా వ్యాపారి కొన్నాడు. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ షాపు ఆ ఏడాదే మూతపడి, 2023 నవంబరులో మళ్లీ తెరుచుకుంది. వీడియోలు అద్దెకిచ్చే బ్లాక్‌బస్టర్ మాత్రం ఇక్కడ 2013లో పూర్తిగా పోయింది.

హెచ్‌ఎంవీ తిరిగి లేవడానికి ఒక కారణం, ఇక్కడ నల్ల రికార్డుల అమ్మకాలు 2008 నుంచి పెరుగుతూ వచ్చాయి. పాటల కోసం ఫోన్ ఉన్నా, చేత్తో పట్టుకోవడానికి జనం రికార్డు కొంటున్నారు. మన దగ్గర అలా జరగలేదు. కలకత్తా పార్క్ స్ట్రీట్ మ్యూజిక్ వరల్డ్ 2013లో, బొంబాయి రిథమ్ హౌస్ 2016లో మూతపడ్డాయి. అంత పెద్ద ఊళ్లలోనే నిలబడలేదు, కావలిలో ఒక్క మనిషి ఎట్టా నిలబడతాడు?

వీసీపీ_అద్దెకు (గూడూరు)

అందరూ పాటల గురించే రాస్తున్నారు, వీడియోల గురించి నేను రాస్తా. మా మామయ్య వీడియో లైబ్రరీ నడిపాడు. కలర్ టీవీ, వీసీపీ (వీడియో క్యాసెట్ ప్లేయర్), మూడు క్యాసెట్లు కలిపి ఒక రాత్రికి అద్దె. రిక్షాలో దుప్పటి చుట్టి పంపేవాళ్లు, వెంట ఒక కుర్రాడు. టీవీ దించింది మొదలు తెల్లారి మళ్లీ ఎక్కించేదాకా వాడే కాపలా. కేబుల్ వచ్చి, 1995లో ఈటీవీ, జెమినీ మొదలయ్యాక రాత్రి అద్దెలు పడిపోయాయి. అప్పుడు పెళ్లి వీడియోలు కాపీ చేయడం మీద పడ్డాడు.

ఆ పెళ్లి క్యాసెట్లు ఇప్పటికీ ఉన్నాయి. కొన్ని ఇళ్లవాళ్లు డబ్బు కట్టి కూడా తీసుకెళ్లలేదు. అందులో మేళగాళ్ల సన్నాయి ఉంది. పెళ్లి పాటలు పాడిన ముసలమ్మలు ఉన్నారు. వాళ్లలో ఎవరూ ఇప్పుడు లేరు. అవీ మన లెక్కలోకి వస్తాయి కదా?

పెన్నాగట్టు (నెల్లూరు)

తప్పకుండా వస్తాయి. ఆ ఇళ్లవాళ్లను అడిగిన తర్వాతే బయట పెట్టాలి, అంతే.

తిప్పరాజువారి_వీధి

ఒక మాట చెప్పాలి. 2020 సెప్టెంబరు 25న బాలు గారు పోయారు. ఆ సాయంత్రం మా వీధి నుంచి ట్రంకురోడ్డు దాకా నడిచాను. బాలు గారి ఇల్లు ఉన్నది మా వీధిలోనే. అదే ఏడాది మొదట్లో దాన్ని వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చారు. క్యాసెట్ షాపులున్న రోజుల్లో అయితే ఆరోజు ప్రతి షాపు గుమ్మంలో స్పీకర్ పెట్టి ఆయన పాటలే వేసేవాళ్లు. ఒక షాపు దాటేలోపు ఇంకో షాపు పాట అందుకునేది. నేను నడిచినంత దూరం ఎవరి ఫోన్‌లో వాళ్లు, చెవుల్లో పెట్టుకుని వింటున్నారు. ఊరంతా ఒకే పాట వినడం అనేది ఆ షాపులతోనే పోయిందని ఆరోజు బాగా తెలిసింది. తర్వాత మన సంగీత నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టారు, మంచిదే. ఆయన నాన్నగారు సాంబమూర్తి గారు ఇక్కడే హరికథలు చెప్పారు. ఆ కాలపు హరికథలు ఎవరి దగ్గరన్నా రీళ్ల మీద ఉన్నాయేమో వెతకాలి.

హెడ్‌క్లీనర్ (ఒంగోలు)

నేను టేప్ రికార్డర్లు రిపేరు చేసేవాణ్ణి. ఇప్పుడు ఆంప్లిఫయర్లు చేస్తున్నా. నా దగ్గర పనిచేసే డెక్ ఉంది. సైడ్‌బి అన్న, పొదిలి అమ్మ, గూడూరు ఆయన, ముగ్గురూ ఇది చదవాలి.

క్యాసెట్ దొరగ్గానే ఆత్రంగా ప్లేయర్‌లో పెట్టొద్దు. ముందు వెలుతురులో పట్టుకుని రీలు అంచు చూడండి. తెల్లగా బూజులా ఉంటే అది ఫంగస్. మన సముద్రపు గాలికి చాలా త్వరగా పడుతుంది. దాన్ని తిప్పితే ప్లేయర్‌లో రీలును చదివే హెడ్‌కు అంటుకుని తర్వాత పెట్టిన మంచి క్యాసెట్లకు కూడా పాకుతుంది. అలాంటివి వేరే సంచిలో పెట్టండి.

రెండోది, మధ్యలో రీలుకు ఆనే చిన్న స్పాంజి ముక్క. రాగి రేకు మీద అతికించి ఉంటుంది. జిగురు ఎండి అది ఊడిపోతే పాట దూరం నుంచి వస్తున్నట్టు వినపడుతుంది. రీలు పోయిందనుకుని పారేస్తారు, రీలుకు ఏమీ కాదు. స్క్రూల డబ్బా అయితే విప్పి, రీలు తీసి మంచి డబ్బాలో వేస్తే సరిపోతుంది. అతికించిన డబ్బా అయితే అంచు వెంట బ్లేడుతో మెల్లగా విడదీయాలి. అది నేను చేస్తా, మీరు చేయొద్దు.

మూడోది ముఖ్యం. క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పళ్లు ఉంటాయి. అవి విరిగి ఉంటే దాని మీద రికార్డు కాదు. విరక్కుండా ఉంటే ఇప్పుడే విరగ్గొట్టండి. పాత సామాన్లలో నాకు ఒక బుర్రకథ క్యాసెట్ దొరికింది. విరిగిన చోట ఎవరో సెల్లోటేప్ అంటించి పైన సినిమా పాటలు ఎక్కించుకున్నారు. చివర్లో పాటలు అయిపోయాక నాలుగు నిమిషాలు బుర్రకథ వస్తుంది. తంబుర, గుమ్మెట, వంతల తందానతానా, అంతే, రీలు అయిపోయింది. ఆ నాలుగు నిమిషాలు ఎన్నిసార్లు విన్నానో.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు నేరుగా ఎంపీత్రీ చేయొద్దు. శబ్దాన్ని కుదించని వేవ్ ఫైల్‌గా ఉంచి, వినడానికి వేరే కాపీ చేసుకోండి. అట్టకు రెండు వైపులా ఫొటో తీయండి. అట్ట మీద రాసింది పోతే పాడింది ఎవరో చెప్పేవాళ్లు ఉండరు.

ఒంగోలు_కర్నూలురోడ్డు

ఎక్కించాక యూట్యూబ్‌లో పెట్టొచ్చా? కేసులు పడతాయా?

నల్లకోటు (నెల్లూరు)

1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్‌కు హక్కు అది వెలువడిన తర్వాతి ఏడాది మొదలు 60 ఏళ్లు. పాడినవాళ్లకు, ఆడినవాళ్లకు వేరే హక్కు 50 ఏళ్లు ఉంటుంది. కాబట్టి సినిమా పాటల జోలికి పోవద్దు. నాటకాల విషయంలో రికార్డు చేసిన షాపువాళ్ల దగ్గర, కళాకారుల కుటుంబాల దగ్గర కాగితం మీద అనుమతి తీసుకోండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ. అడక్కుండా పెడితే మాత్రం మనసు కష్టపెట్టుకుంటారు, అది న్యాయమే.

సైడ్‌బి (కావలి)

నాన్న తీసిన వాటికి మా తరఫున అనుమతి ఇప్పుడే ఇస్తున్నా. సంచులు ఆదివారం దాకా ఆగలేకపోయా, ఇవాళే దించాను. ఒక సంచికి చెదలు పట్టాయి, అట్టలు పోయాయి గానీ డబ్బాలు బాగున్నాయి. మిగతావి పొడిగా ఉన్నాయి. పొదిలి అని రాసినవి రెండు దొరికాయమ్మా. ఒకదాని మీద రాయబారం అని, హార్మోనియం ఆయన పేరు ఉన్నాయి. కృష్ణుడు ఎవరో రాయలేదు. పళ్లు రెండూ విరిచే ఉన్నాయి, పైన ఎవరూ ఏమీ ఎక్కించలేదు.

పొదిలి_పద్యం

అన్నా, హార్మోనియం ఆయన పేరేంటో నాకు విడిగా పంపండి. అమ్మను అడుగుతా, నాన్న ఎప్పుడూ ఒకరితోనే పాడేవారు. ఒంగోలు ఎప్పుడు రమ్మంటే అప్పుడు అమ్మను తీసుకుని వస్తాం.

హెడ్‌క్లీనర్ (ఒంగోలు)

అన్నా, ఆ రెండూ ఆర్టీసీ కార్గోలో వేయొద్దు, మీరే చేత్తో తీసుకురండి. స్పీకర్ల పెట్టెల పక్కన, మోటార్ల పక్కన పెట్టొద్దు. శనివారం మధ్యాహ్నం నుంచి షాపులోనే ఉంటా. హెడ్ తుడిచి, కొత్త బెల్టు వేసి ఉంచుతా. గూడూరు ఆయనా, మీ వీహెచ్‌ఎస్ క్యాసెట్లకు నా దగ్గర ప్లేయర్ లేదు. పనిచేసేది ఎవరింట్లో ఉన్నా ఇక్కడే రాయండి.