ఒకరినొకరు నమ్మని దేశాలు అణు ఒప్పందాన్ని ఎలా సరిచూసుకుంటాయి?

ప్రశ్న: అమెరికా, రష్యా ఒకదాని మాట మరొకటి నమ్మవు. మరి క్షిపణులు తగ్గించామంటే ఎలా ఒప్పుకుంటాయి? సంతకాల ఫొటోలు చూసి చూసి విసుగొచ్చి అడుగుతున్నాను.

జవాబు 1: ఉపగ్రహాలతో. దూరం వెళ్లే అణ్వాయుధాలను తగ్గించే 1991 నాటి స్టార్ట్ ఒప్పందం కింద అమెరికాలోని అరిజోనాలో బి-52 అణు బాంబర్ విమానాలను భారీ ఉక్కు కత్తితో నరికి, ఆ ముక్కలను 90 రోజులు ఎండలో అలాగే వదిలేశారు. పైనుంచి రష్యా చూసుకోవాలని!

జవాబు 2: ఉపగ్రహానికి ఫ్యాక్టరీ లోపల ఏముందో తెలియదు. మధ్యశ్రేణి క్షిపణులను నిషేధించిన 1987 ఐఎన్ఎఫ్ ఒప్పందం తర్వాత అమెరికా తనిఖీదారులు రష్యాలోని వోట్కిన్స్క్ క్షిపణి కర్మాగారం గేటు దగ్గర ఏళ్ల తరబడి కాపలా కూర్చున్నారు. సోవియట్ వాళ్లు అలాగే అమెరికాలోని యూటాలో. లోపలికి వెళ్లే వీల్లేదు, బయటికొచ్చే సరుకునే చూడాలి. నాకైతే అల్లుడి ఇంటి గుమ్మంలో కూర్చున్న మామగారే గుర్తొస్తారు.

ప్రశ్న అడిగిన వ్యక్తి: మరి క్షిపణి కొనన ఉండే అణు బాంబులు, అదే వార్‌హెడ్లు?

జవాబు 2: స్టార్ట్ తర్వాత అమెరికా, రష్యా చేసుకున్న న్యూ స్టార్ట్ ఒప్పందంలో వాటికి ముసుగు కప్పి చూపేవారు. తనిఖీదారులు ఆకారం చూడకుండా ముసుగులు లెక్కపెట్టుకునేవారు. మోహరించిన వార్‌హెడ్లకు ఒక్కో దేశానికి పరిమితి 1,550 ఉండేది. 2023లో రష్యా అమలు నిలిపేసింది. ఐఎన్ఎఫ్ అయితే 2019లోనే పోయింది.