రాత్రికి రాత్రే మోకాలు వాచి కదపలేని నొప్పి: పెద్దవారిలో కారణాలు ఏమై ఉండవచ్చు?

ప్రశ్న

మా నాన్నగారికి 74 ఏళ్లు. జనగామ దగ్గర మా ఊళ్లో అమ్మతో కలిసి ఉంటారు, నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. మొన్న రాత్రి మామూలుగా భోంచేసి పడుకున్న మనిషి తెల్లవారుజామున కుడి మోకాలి నొప్పితో లేచి కూర్చున్నారు. పొద్దెక్కేసరికి చిప్ప ఎక్కడుందో తెలియనంతగా వాచిపోయింది. చెయ్యి పెడితే వేడిగా ఉంది, పైన దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నారు. ఆయన ఎక్కడా పడలేదు, దెబ్బ తగలలేదు. అమ్మ జిల్లేడాకులకు ఆముదం రాసి, వెచ్చచేసి కట్టింది. ఊళ్లోని ఆర్ఎంపీ నొప్పి ఇంజెక్షన్ ఇస్తే ఆ పూటకు కాస్త తెరిపి ఇచ్చి, మళ్లీ మొదలైంది.

ఆయనకు చాలా కాలంగా షుగరు, బీపీ ఉన్నాయి. బీపీ మాత్రలో టెల్మిసార్టాన్‌తో పాటు హైడ్రోక్లోరోథయజైడ్ కూడా కలిసి ఉంది. గ్యాస్ కోసం రోజూ పాంటోప్రజోల్ వేసుకుంటారు. రెండు వారాల కిందట మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వాడారు. రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ 6.1 వచ్చింది, జ్వరం 99.4 దాటలేదు. పట్నంలో చూపిస్తే గుజ్జు అరిగిందని, మోకాలిలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామని అన్నారు. బంధువుల్లో ఒకరు గౌట్ (యూరిక్ యాసిడ్ కీళ్లలో స్ఫటికాలుగా పేరుకుని వచ్చే వాపు) అంటున్నారు, ఇంకొకరు చికున్‌గున్యా అంటున్నారు. యూరిక్ యాసిడ్ మామూలుగానే ఉంది కనుక గౌట్ కాదనుకోవచ్చా? ఆ ఇంజెక్షన్ వేయించవచ్చా? దీనికి ఎంత తొందరపడాలి?

జవాబు 1 (జనరల్ మెడిసిన్ వైద్యుడు, గుంటూరు జిల్లా)

చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. ఈ రోజే తీసుకువెళ్లండి, రేపటికి ఆగవద్దు. షుగరు ఉన్న పెద్దాయనకు ఒకే ఒక్క కీలు ఉన్నట్టుండి వాచి, వేడెక్కి, కదపలేని స్థితి వచ్చిందంటే, కాదని తేలేవరకు అది కీలులో చీము పట్టే ఇన్ఫెక్షనే అనుకుని నడుచుకోవాలి. మిగిలిన కారణాలు రెండు మూడు రోజులు ఆలస్యమైనా నొప్పితో పోతాయి, ఇది మాత్రం ఆ రెండు మూడు రోజుల్లోనే గుజ్జును తినేసి, రక్తంలోకి పాకి, ప్రాణం మీదికి తెస్తుంది. జ్వరం పెద్దగా లేదని ధైర్యం తెచ్చుకోకండి. వయసు మళ్లినవారిలో, షుగరు ఉన్నవారిలో, స్టెరాయిడ్లు వాడుతున్నవారిలో కీలు నిండా చీమున్నా ఒళ్లు కాలకపోవచ్చు. పైగా రెండు వారాల కిందటి మూత్రపు ఇన్ఫెక్షన్ నుంచి సూక్ష్మక్రిములు రక్తం ద్వారా మోకాలికి చేరే అవకాశాన్ని కొట్టిపారేయలేము.

దీన్ని తేల్చేది రక్తపరీక్ష కాదు, ఎక్స్‌రే కూడా కాదు. మోకాలిలోని నీటిని సూదితో తీసి చూడటం ఒక్కటే దారి. మత్తుమందు పెట్టి చేసే ఆ పనికి కొద్ది నిమిషాలు చాలు, నీరు బయటికి రాగానే బిగువు తగ్గి నొప్పి కూడా కొంత ఉపశమిస్తుంది. ఆ నీటిని తెల్లకణాల లెక్కకు, గ్రామ్ స్టెయిన్‌కు (రంగు వేసి సూక్ష్మక్రిములను మైక్రోస్కోపులో చూడటం), కల్చర్‌కు (సూక్ష్మక్రిములు పెరుగుతాయేమో చూడటం), స్ఫటికాల పరీక్షకు పంపాలి. మొదటి మూడూ జిల్లా కేంద్రంలో కూడా అవుతాయి. స్ఫటికాలను చూసే పోలరైజ్డ్ మైక్రోస్కోపు అన్నిచోట్లా ఉండదు కనుక వరంగల్ ఎంజీఎం గాని, హైదరాబాదులో రుమటాలజీ (కీళ్లవాతాల) విభాగం ఉన్న నిమ్స్ గాని మీకు మేలు. తెల్లకణాలు మిల్లీమీటర్ ఘనానికి 50,000 దాటితే ఇన్ఫెక్షన్ అనుమానం బలపడుతుంది. అంతకు తక్కువ ఉన్నంత మాత్రాన ఇన్ఫెక్షన్ లేదని చెప్పలేము, ఒక్కోసారి స్ఫటికాలూ చీమూ ఒకే కీలులో ఉంటాయి. నీరు తీయకముందే ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేయవద్దు, అలా వేస్తే కల్చర్‌లో ఏమీ పెరగక వైద్యం గుడ్డిగా సాగుతుంది. ఇన్ఫెక్షన్ లేదని తేలకముందు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కు కూడా ఒప్పుకోవద్దు.

ఇక యూరిక్ యాసిడ్ సంగతి. 6.1 ఉన్నంత మాత్రాన గౌట్ కాదని చెప్పలేము. గౌట్ ఎగదన్నిన రోజుల్లో రక్తంలో యూరిక్ యాసిడ్ తగ్గి మామూలుగా కనిపించడం తరచుగా జరిగేదే, అందుకే నొప్పి పూర్తిగా సద్దుమణిగిన రెండు వారాలకు మళ్లీ చూడమంటాము. అలాగని ఎక్కువ ఉన్నవారందరికీ గౌట్ ఉందనీ కాదు. ఆ ఒక్క అంకె పట్టుకుని ఏళ్ల తరబడి యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ మింగుతున్నవారిని నేను తరచుగా చూస్తుంటాను. గౌట్ ఎక్కువగా కాలి బొటనవేలి మొదట్లో మొదలవుతుందని పుస్తకాల్లో ఉంటుంది, అది నిజమే. అయితే పెద్ద వయసులో, ముఖ్యంగా మీ నాన్నగారి హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి, మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్రలు వాడేవారిలో, మోకాలితోనో చేతివేళ్లతోనో కూడా మొదలవుతుంది.

మీరు అడగని కారణం ఒకటుంది, నాకు ఎక్కువ అనుమానం దాని మీదే. 1961లో ఫిలడెల్ఫియాలో డేనియల్ మెక్‌కార్టీ, జోసెఫ్ హాలండర్ అనే వైద్యులు గౌట్ రోగుల కీళ్ల నీటిలో సూదుల్లాంటి యూరేట్ స్ఫటికాలను పోలరైజ్డ్ కాంతిలో గుర్తించారు. అదే పద్ధతిలో చూస్తుండగా కొందరు వృద్ధుల మోకాళ్లలో వేరే ఆకారపు స్ఫటికాలు కనిపించాయి, అవి కాల్షియం పైరోఫాస్ఫేట్‌వి. అచ్చం గౌట్‌లాగే విరుచుకుపడుతుంది కనుక ఈ జబ్బుకు సూడోగౌట్ అనే పేరు వచ్చింది. 60 ఏళ్లలోపు అరుదు, ఆ తర్వాత వయసుతో పాటు పెరుగుతుంది. మోకాలు, మణికట్టు దీనికి ఇష్టమైన చోట్లు. ఇన్ఫెక్షన్, ఆపరేషన్ వంటివి ఏవైనా ఒంటిని కుదిపిన కొద్ది రోజులకు బయటపడటం దీని అలవాటు.

చికున్‌గున్యా అయితే జ్వరంతో మొదలై మణికట్లు, చీలమండలు, వేళ్లు ఒకేసారి పట్టేస్తాయి, 2006లో రాష్ట్రమంతా చూసింది అదే. ఒక్క మోకాలు మాత్రమే వాచడం దాని తీరు కాదు. గుజ్జు అరుగుదల ఆయన వయసులో ఎక్స్‌రే తీస్తే ఎలాగూ కనిపిస్తుంది. కానీ ఏళ్లకేళ్లు పట్టే అరుగుదల ఒక్క రాత్రిలో మోకాలిని ఇంత వేడెక్కించదు.

జవాబు 2

మా పెదనాన్నగారికి ఇలాగే వస్తే కందిపప్పు, పాలకూర, టమాటా మానిపించాము, నెల తిరిగేసరికి తగ్గిపోయింది. ఇంగ్లీషు మందుల జోలికి పోకముందు ఒకసారి పథ్యం చేయించి చూడండి. అంతగా కావాలంటే మా వైపు కీళ్లవాతానికి ఇచ్చే పొడి ఒకటి ఉంది, రెండు మోతాదులకే లేచి నడుస్తారు.

జవాబు 3 (ఫార్మసిస్టు, నిజామాబాద్)

పై మిత్రుడు మంచి ఉద్దేశంతోనే చెప్పారు కాని, వైద్యం ఏమీ చేయకపోయినా గౌట్ నొప్పి వారం పదిరోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. ఆ పేరు పథ్యానికి దక్కుతుంది. పప్పులు, ఆకుకూరల్లో ప్యూరిన్లు (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు) ఉన్న మాట నిజమే అయినా, వాటివల్ల గౌట్ పెరుగుతుందని అధ్యయనాల్లో తేలలేదు. తేలింది మాంసం, కాలేయం, రొయ్యలు, చేపలు, బీరు, మద్యం గురించి. డెబ్బై దాటిన మనిషికి ఉన్న కాస్త మాంసకృత్తులు పప్పు నుంచే వస్తాయి, దాన్ని మానిపిస్తే కండ తగ్గడం తప్ప ఒరిగేది లేదు. రెండు మోతాదులకే లేపి నడిపించే పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం కొత్త కాదు. షుగరు మనిషికి, అందులోనూ ఇన్ఫెక్షన్ అనుమానం ఉన్నప్పుడు, అంతకంటే ప్రమాదం లేదు.

మందుల గురించి నాలుగు మాటలు. హైడ్రోక్లోరోథయజైడ్ యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది, మెగ్నీషియాన్ని తగ్గిస్తుంది. ఏళ్ల తరబడి వాడే పాంటోప్రజోల్ కూడా మెగ్నీషియాన్ని తగ్గించగలదు, మెగ్నీషియం తగ్గితే డాక్టరుగారు చెప్పిన సూడోగౌట్‌కు దారి ఏర్పడుతుంది. అయినా బీపీ మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు, మార్పు అవసరమైతే డాక్టరు చేస్తారు. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు బీపీని పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి, కనుక ఇంకో ఇంజెక్షన్‌కు ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించండి. ఇలాంటి స్ఫటికాల వాపుకు ఇచ్చే కాల్చిసిన్ రాస్తే రాసిన మోతాదు మించవద్దు, విరేచనాలు మొదలైతే ఫోన్ చేసి అడగండి. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తో కలిపి అసలు వాడకూడదు.

లీవోఫ్లాక్సాసిన్ గురించి ఎవరూ అనలేదు కనుక చెబుతున్నాను. 60 దాటినవారిలో, అందులోనూ స్టెరాయిడ్ కూడా వాడుతున్నవారిలో, ఈ జాతి మందులు మడమ వెనకాలి స్నాయువును బలహీనపరచి ఉన్నట్టుండి తెగేలా చేయగలవు. మీ నాన్నగారిది మోకాలి వాపే కనుక ఇది కాకపోవచ్చు. అయినా ఆ మందు వాడిన సంగతి ఆసుపత్రిలో తప్పకుండా చెప్పండి.

జవాబు 4

వాపు లేకుండా మోకాలు నొప్పి అనే పెద్దవాళ్లు ఈ చర్చ చదువుతుంటే వారికోసం ఒక మాట. మా అత్తగారికి 81 ఏళ్లు. మోకాలు నొప్పి అని కాలు నేల మీద మోపలేదు, మోకాలి ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. అసలు లోపం తుంటిలో ఉంది. ఎముకలు బోలుపడటం వల్ల ఏ దెబ్బా లేకుండానే తుంటి ఎముక మెడ దగ్గర సన్నగా చిట్లింది. మొదటి ఎక్స్‌రేలో అది కూడా పట్టుబడలేదు, ఎంఆర్ఐలో తెలిసింది. తుంటి నొప్పి మోకాలిలో తెలియడం సాధారణమని అప్పుడు ఎముకల డాక్టరు చెప్పారు. పడుకోబెట్టి పాదాన్ని లోపలికి తిప్పినప్పుడు గజ్జలో నొప్పి పుడితే తుంటిని చూడమని అడగండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఆ సాయంత్రమే తమ్ముడు కారులో వరంగల్ తీసుకువెళ్లాడు. మోకాలి నుంచి రెండు సిరంజీల నిండా మబ్బుగా ఉన్న పసుపు నీరు తీశారు. తీసిన గంటలోనే నాన్నగారు కాలు కొంచెం మడవగలిగారు. కల్చర్ రిపోర్టు వచ్చేవరకు ఆసుపత్రిలోనే ఉంచారు, అందులో ఏమీ పెరగలేదు. నీటిని హైదరాబాదు పంపితే కాల్షియం పైరోఫాస్ఫేట్ స్ఫటికాలు ఉన్నాయని వచ్చింది. ఎక్స్‌రేలో తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య, నలుపుగా ఉండాల్సిన సందులో, పెన్సిల్‌తో గీసినట్టు సన్నని తెల్లటి గీత ఉంది. గుజ్జులో పేరుకున్న కాల్షియం అదేనట. ఆ తర్వాతే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. నాలుగు రోజులు షుగరు బాగా పెరిగి మళ్లీ దిగింది.

ఇప్పుడు ఇంట్లో కొత్త గొడవ మొదలైంది. కాల్షియం పేరుకుంది కనుక పాలు, పెరుగు, కాల్షియం మాత్రలు అన్నీ మానేయాలని అమ్మ పట్టుబట్టి కూర్చుంది. మానాలా? ఇది మళ్లీ వస్తుందా?

జవాబు 1 వైద్యుడు

పెరుగన్నం మాన్పించకండి. ఆ స్ఫటికాలు తినే కాల్షియం వల్ల ఏర్పడవు, గుజ్జులోని కణాలు విడుదల చేసే పైరోఫాస్ఫేట్ అక్కడే ఉన్న కాల్షియంతో కలిసి ఏర్పడతాయి. కాల్షియం మాత్ర ఎముకల కోసం రాసినదైతే కొనసాగించవచ్చు. అయితే రక్తంలో కాల్షియం, మెగ్నీషియం, పారాథైరాయిడ్ హార్మోను (రక్తంలో కాల్షియాన్ని అదుపు చేసేది) ఒకసారి చూపించండి. పారాథైరాయిడ్ ఎక్కువ పనిచేస్తున్నవారిలో ఈ జబ్బు కనిపిస్తుంది, దానికి వేరే వైద్యం ఉంది. పాంటోప్రజోల్ నిజంగా రోజూ అవసరమో కాదో కూడా ఈ సందర్భంలోనే అడగండి. చాలామంది ఎప్పుడో రాసిన చీటీ పట్టుకుని ఏళ్లపాటు వేసుకుంటూ పోతారు.

మళ్లీ వస్తుందా అంటే, రావచ్చు. గౌట్‌లో యూరిక్ యాసిడ్‌ను 6 కంటే కిందికి దించి ఉంచితే స్ఫటికాలు మెల్లగా కరిగిపోతాయి. వీటిని కరిగించే మందు ఇంకా లేదు. ఏడాదికి మూడు నాలుగుసార్లు వస్తుంటే రోజూ చిన్న మోతాదు కాల్చిసిన్ ఇచ్చి చూస్తాము, ఒకసారి వచ్చినందుకు అక్కర్లేదు. వాపు పూర్తిగా తగ్గాక తొడ కండరానికి వ్యాయామం నేర్పించండి. మంచానికే అలవాటు పడితే ఆ వయసులో కండ మళ్లీ రావడం కష్టం.

స్ఫటికాల రిపోర్టును ఆయన మందుల చీటీలతో కలిపి ఉంచండి, కాని ఈసారి వాచినప్పుడు అది చూపించి ఫోన్ మీదే మందు రాయించుకోవద్దు. ఒకసారి సూడోగౌట్ వచ్చిన మోకాలికి తర్వాత ఇన్ఫెక్షన్ రాకూడదని ఎక్కడా లేదు. చలి, వణుకు ఉన్నా, మనిషి డీలాపడి మాట తడబడుతున్నా, మళ్లీ నీరు తీసి చూడాల్సిందే.