ఎల్‌నినో పేరు విని వరి మానుకోవాలా?

పర్లాకిమిడి రైతు:
ఈ ఏడాది ఎల్‌నినో అని వార్త రాగానే మా ఒడిశా గజపతి జిల్లాలో కొందరు మెట్టు పొలాల్లో వరి మానేసి చోడి (రాగి) వేద్దామంటున్నారు. ఎక్కడో పసిఫిక్‌లో నీరు వేడెక్కితే మహేంద్రతనయ ఒడ్డున ఆకుమడులు ఎండుతాయా? పెద్దలు తమ అభిప్రాయం చెప్పండి.

బరంపురం అధ్యాపకుడు:
ఆ భయానికి ఆధారం ఉంది. మధ్య, తూర్పు పసిఫిక్ వేడెక్కినప్పుడు గాలి పైకి లేచే చోటు అటు జరిగి, మన వైపు గాలి కిందికి దిగుతూ మేఘాలను ఎదగనివ్వదు. 2002లో దేశంలో నైరుతి వాన సగటులో 81 శాతం, 2009లో 78 శాతమే కురిసింది. రెండూ ఎల్‌నినో ఏళ్లే. 2023 ఆగస్టు అయితే 1901 నుంచి ఉన్న లెక్కల్లోకెల్లా పొడి ఆగస్టు. అందుకే చోడి వైపు మొగ్గడం తెలివైన పని అంటాను.

రాయగడ వాసి:
మాస్టారూ, 1997ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎల్‌నినో అంత బలంగా ఉన్నా ఆ ఏడు వాన 102 శాతం కురిసింది. హిందూ మహాసముద్రంలో ఆఫ్రికా వైపు నీరు వేడెక్కి ఇండోనేషియా వైపు చల్లబడే డైపోల్ స్థితి ఎల్‌నినో దెబ్బకు అడ్డుపడిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. పైగా ఇవన్నీ దేశం మొత్తానికి కట్టిన సగటులు. మన కొండలకు బంగాళాఖాతపు అల్పపీడనాలే ప్రాణం. వాయుగుండానికి నైరుతి దిక్కున వాన ఎక్కువ పడుతుంది కనుక, అది గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిందా, బాలాసోర్ వైపు పోయిందా అన్నదాన్ని బట్టి వంశధార పరీవాహకంలో పంట మారిపోతుంది. ఆ దారిని ఎల్‌నినో అన్న ఒక్క మాట ముందుగా చెప్పలేదు.

గుణుపురం రైతుబిడ్డ:
ఇద్దరూ మొత్తం వాన ఎంత అన్నదాని చుట్టూనే తిరుగుతున్నారు. నన్ను కలవరపెడుతున్నది వానకూ వానకూ మధ్య ఎడం. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు, అందుకే కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. మధ్య భారతంలో విస్తారంగా పడే అతి భారీ వానలు 1950 నుంచి 2015 నాటికి మూడింతలయ్యాయని పరిశోధకులు తేల్చారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి కొండల్లో బరఘర దగ్గర చరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. అలాంటి వానను సగటులో కలిపేసి ‘ఈ ఏడు లోటు లేదు’ అనుకుంటే, ఉభాల (నాట్ల) వేళ నీళ్లు లేక ముదిరిపోయిన నారు సంగతి ఎవరికి పడుతుంది?

బరంపురం అధ్యాపకుడు:
ఎడం గురించి చెప్పినది ఒప్పుకుంటాను. అయినా ఎల్‌నినో ఏట ఆ ఎడం పెరిగే అవకాశం ఎక్కువే కనుక మెట్టులో చోడి అన్న మాట వెనక్కి తీసుకోను.

పర్లాకిమిడి రైతు:
అయితే పల్లంలో వరి ఉంచుతాను. మెట్టు మీద మాత్రం వాతావరణ శాఖ ప్రతి గురువారం ఇచ్చే నాలుగు వారాల అంచనా చూశాకే విత్తనం కొంటాను. చోడి నారు ఆరుద్ర కార్తె దాటాక పోసినా పండుతుందా? వేసినవారు చెప్పాలి.